చలిలో బండి, దక్షిణానికి దారి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ధనుర్మాసం వచ్చిందంటే పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు తెల్లారి లేచి బకెట్టులో చెయ్యి పెట్టలేం. సరిగ్గా అప్పుడే బండి తీసుకుని వెచ్చగా ఉండే చోటికి పోదామనిపిస్తుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే మాట: ‘ఉన్నపళంగా అనుకున్నాం, రెండు రోజుల్లో బయల్దేరాల, ఏం చేయాల?’ తేదీ ఉన్నపళంగా అనుకోవచ్చు, దాంట్లో తప్పేమీ లేదు. టైర్లు, చైను, కాగితాలు మాత్రం ఆ రాత్రికి రాత్రి సిద్ధం కావు. కింది జవాబుల్లో ఏది రెండు రోజుల్లో అవుతుందో, దేనికి నెలలు పడుతుందో విడివిడిగా చెప్పాం.

ప్రశ్న: అన్నా, మేం ఇద్దరం. భోగికి ముందు రోజు పలమనేరు నుంచి కన్యాకుమారికి పోవాలని అనుకున్నాం. ఒకరిది స్ప్లెండర్, ఇంకొకరిది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. స్ప్లెండర్ అంత దూరం తట్టుకుంటుందా? ఎన్ని రోజులు పెట్టుకోవాల? (పలమనేరు)

తట్టుకుంటుంది తమ్ముడూ. స్ప్లెండర్ ఇంజన్ 97 సీసీ. 55–60 కి.మీ. వేగంలో పెట్టి రోజంతా నడిపినా దానికి ఇబ్బంది లేదు. 80లో లాగితేనే కష్టం. ‘గంటకోసారి ఇంజన్ చల్లార్చాల’ అని చాలామంది చెబుతారు. గాలితో చల్లబడే ఇంజన్‌కు పోతూ ఉండడమే మేలు. గంటన్నరకోసారి ఆగాల్సింది మీ నడుము కోసం, కళ్ల కోసం. స్ప్లెండర్‌ను ముందు పోనివ్వండి, క్లాసిక్ వెనక రావాల. తిరగేస్తే స్ప్లెండర్ నడిపేవాడు పక్కోడిని అందుకోవాలని బండిని పిండేస్తాడు.

పలమనేరు, కుప్పం, కృష్ణగిరి మీదుగా సేలం, మదురై దాటి కన్యాకుమారికి సుమారు 700 కి.మీ. మొదటి రోజు దిండిగల్‌లో ఆగండి, 385 కి.మీ. దాకా వస్తుంది. ఆగుళ్లతో కలిపి గంటకు 45 కి.మీ. లెక్కేసుకుంటే ఎనిమిదిన్నర గంటలు. రెండో రోజు మిగతా 310. మూడో రోజు అక్కడే ఉండి, తర్వాతి రెండు రోజుల్లో వెనక్కి. ఐదు రోజులు లేకుంటే ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. మదురై నుంచి రామేశ్వరం కూడా కలుపుకుంటే అటు 170, మళ్లీ ఇటు అంతే, ఇంకో రోజు కావాల.

దారిలో ఒక్క చోటు గుర్తుపెట్టుకోండి: ధర్మపురి దాటాక సేలం వైపు దిగే తొప్పూరు ఘాట్. లోడు లారీలు న్యూట్రల్‌లో దిగడం, బ్రేకులు వేడెక్కి పట్టకపోవడం అక్కడ మామూలు. దిగేటప్పుడు లారీ ముందర ఉండొద్దు. దాన్ని పోనిచ్చి వెనకాల దూరంగా దిగండి. స్ప్లెండర్‌కు డ్రమ్ బ్రేకులైతే మూడో గేరులోకి దించి, ఇంజన్‌తోనే వేగం ఆపండి. బ్రేకు తొక్కిపట్టుకుని దిగితే డ్రమ్ము కాలి పట్టు పోతుంది.

ఆయిల్ రోజూ పొద్దున చూడాల. ఆ ఇంజన్‌లో ఉండేదే లీటరుకు కొంచెం తక్కువ, అందులో 200 మి.లీ. తగ్గినా ఐదో వంతు పోయినట్టే. సెంటర్ స్టాండ్ వేసి, మూడు నిమిషాలు నడిపి ఆపి, మరో రెండు మూడు నిమిషాలాగండి. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడండి. మర బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుంది. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

క్లాసిక్‌కు స్పోకుల చక్రాలైతే లోపల ట్యూబు ఉంటుంది, ట్యూబ్‌లెస్ టైర్ల పంచర్ కిట్టు పనికిరాదు. కొత్త ట్యూబు, రెండు టైరు లివర్లు, ఇరుసు నట్టుకు సరిపోయే స్పానరు, చిన్న పంపు కావాల. ఆ స్పానరు నిజంగా ఆ నట్టుకు పడుతుందో లేదో ఇంటి దగ్గరే పెట్టి చూడండి. కంపెనీ ఇచ్చిన సంచిలోది ఒక్కోసారి షెడ్డులోనే ఉండిపోతుంది. ఇంకొకటి: కొత్త క్లచ్ వైరు కొని సంచిలో పెట్టుకునే బదులు, ఉన్న వైరు పక్కనే దాన్ని కూడా దారిపొడవునా పోనిచ్చి ఇన్సులేషన్ టేపుతో కట్టేయండి. పాతది తెగితే ట్యాంకు విప్పే పని లేదు, రెండు కొసలు మార్చుకుంటే పది నిమిషాల్లో బయల్దేరొచ్చు.

వాన సంగతి కూడా చూసుకోండి. మనకూ తమిళనాడుకూ ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు ఏమయ్యాయో మరిచిపోలేం కదా. రామేశ్వరం వైపు డిసెంబరు చివరి దాకా వాన ముప్పు ఉంటుంది, సంక్రాంతి దాటితే ఆకాశం తేటపడుతుంది. మీ తేదీలు మంచివే.

ప్రశ్న: తెల్లవారుజామున నాలుగుకు బయల్దేరితే ఎండకు ముందే సగం దూరం పోవచ్చు గదా? చేతులు మాత్రం మొద్దుబారిపోతాయి. ఏం వేసుకోవాల? (మదనపల్లె)

నాలుగుకు బయల్దేరొద్దు. జనవరిలో మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ రెండింటిలోనూ ఆ వేళకు పొగమంచు ఉండొచ్చు. పైగా ఇది చెరకు కాలం. వెనక లైటు లేని చెరకు ట్రాక్టరు, ట్రాలీ వెడల్పుకు రెండు పక్కలా వేలాడే గడలు, మంచులో అది కనబడేసరికి మీరు దాని కిందే ఉంటారు. ఏడు దాటాక కదలండి. చలికాలంలో ఎండకు భయపడాల్సిన పనేముంది?

గాలి 10 డిగ్రీలున్నప్పుడు 80 కి.మీ. వేగంలో పోతే ఒంటికి 4 డిగ్రీల చలి తగిలినట్టుంటుంది. అందుకే స్వెట్టరు మీద స్వెట్టరు వేసినా లాభం లేదు, గాలి అల్లికలోంచి దూరిపోతుంది. పైన గాలి చొరని పొర ఉండాల. వాన కోటు ప్యాంటుతో సహా జాకెట్టు మీద వేసుకుంటే సగం చలి పోతుంది. అది కూడా లేకుంటే నాలుగు మడతల దినపత్రిక ఛాతీ మీద, జాకెట్టు లోపల పెట్టుకోండి. చేతులకు పలుచని నూలు గ్లవ్స్, దానిమీద తోలు గ్లవ్స్. గ్లవ్స్ బిగుతుగా ఉంటే రక్తం ఆడక ఇంకా మొద్దుబారతాయి. మెడకు మఫ్లరు కొసలు వేలాడేలా కట్టొద్దు, వెనక చక్రంలో చుట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

పొద్దున టైరు గాలి కూడా చూసుకోండి. ఐదారు డిగ్రీలు చల్లబడితే ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో, పరుగెత్తిన టైరుకు పట్టించిన గాలి మర్నాడు తెల్లారికి తక్కువే చూపిస్తుంది.

ప్రశ్న: రెండో రోజు నుంచి వెనక చక్రం దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు. మెకానిక్ చైను బిగించి పంపాడు. తర్వాత ఇంకా ఎక్కువైంది. (శ్రీకాళహస్తి)

బిగించడమే తప్పయి ఉంటుంది. చైను అన్నిచోట్లా ఒకేలా అరగదు. బండి సెంటర్ స్టాండ్ మీద పెట్టి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ కింది వరసను నడిమధ్యలో పైకీ కిందికీ కదిలించి చూడండి. ఒక చోట 35 మి.మీ. ఆడుతుంది, ఇంకో చోట 15 మాత్రమే. మెకానిక్ వదులున్న చోట చూసి బిగిస్తే, బిగువున్న చోట చైను తంతిలా అయిపోయి ప్రతి చుట్టుకూ ఒక టిక్కు. ఎప్పుడైనా బిగువున్న చోటే కొలవాల, అక్కడ మాన్యువల్‌లో చెప్పినంత ఆడాల. చాలా బండ్లకు అది 20–30 మి.మీ.

బండి మీద వెనక మనిషి, రెండు సంచులు ఎక్కితే షాకబ్జార్లు దిగి చైను ఇంకా బిగుస్తుంది. ఖాళీ బండి మీద సరిగ్గా ఉన్నది లోడుతో బిగిసిపోయి గేర్‌బాక్సు నుంచి చైనుకు వచ్చే ఇరుసు బేరింగును తినేస్తుంది. చైను మారిస్తే వేలల్లో పోతుంది, బేరింగుకైతే ఇంజన్ విప్పాల. కాబట్టి సామాను కట్టి, ఇద్దరూ కూర్చుని, మూడో మనిషి చేత చైను పట్టి చూపించుకోండి.

అరిగిందో లేదో తెలియాలంటే వెనక పళ్ల చక్రం చివరన చైను లింకును వెనక్కి లాగండి. సగం పన్ను బయట కనబడితే పని అయిపోయినట్టే. పళ్లు కొడవలిలా వంగి ఉన్నా అంతే. మార్చేటప్పుడు చైను ఒక్కటే కాదు, రెండు పళ్ల చక్రాలూ మార్చండి. పాత పళ్ల మీద కొత్త చైను వేస్తే అదీ త్వరలోనే పాడవుతుంది. ఆయిల్ 500 కి.మీ.కు ఒకసారి, వాన పడితే ఆ సాయంత్రమే. బండి ఆపిన వెంటనే, చైను వేడిగా ఉన్నప్పుడు 90 నంబరు గేరాయిల్ లోపలి వైపు పోయండి, రాత్రంతా ఇంకుతుంది. పొద్దున పోసి బయల్దేరితే టైరు మీద చిమ్ముతుంది. షెడ్డులో తీసేసిన నల్ల ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు, దాంట్లో ఇనుప రజను ఉంటుంది.

ప్రశ్న: ధనుష్కోడి దాకా పోయినోళ్లం, బండిని పడవ ఎక్కించి శ్రీలంక పోలేమా? లేదా మణిపూర్ మీదుగా థాయిలాండ్? సెలవులు పది రోజులు. (తిరుపతి, విద్యార్థులు)

ధనుష్కోడి రేవు 1964 డిసెంబరు తుపానులో ఊరితో సహా కొట్టుకుపోయింది. అక్కడి నుంచి ఇప్పుడు ఏ పడవా లేదు. నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కాంకేశన్‌తురైకి 2023 అక్టోబరులో ఓడ మొదలైంది, అది మనుషులకే, బండ్లను ఎక్కించుకోదు. ఈశాన్య రుతుపవనాల్లో సముద్రం పోటెత్తితే అదీ ఆగిపోతుంది. సొంత బండి కావాలంటే సరుకుల ఓడలో పంపాల, దానికి కార్నే కావాల.

కార్నే అంటే బండికి పాస్‌పోర్టు లాంటి పుస్తకం. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది, ఏడాది చెల్లుతుంది. ‘ఈ బండిని అక్కడ అమ్మను, తిరిగి తెస్తాను’ అని మీ తరఫున వాళ్లు పూచీ పడతారు కాబట్టి బండి విలువను బట్టి డిపాజిట్టో బ్యాంకు గ్యారంటీయో అడుగుతారు. ప్రతి పేజీలో లోపలికి వచ్చినప్పుడు ఒక ముద్ర, బయటికి పోయేటప్పుడు ఒక ముద్ర. బయటికి పోయే ముద్ర మరిచిపోతే బండి ఆ దేశంలోనే ఉన్నట్టు లెక్క, సుంకం మీ డిపాజిట్టులోంచి పోతుంది. బండి మీద లోను ఉంటే ఫైనాన్స్ వాళ్ల అనుమతి పత్రం, నాన్న పేరు మీద ఉంటే ఆయన అధికార పత్రం కావాల. పెట్రోలు ఖాళీ చేసి, బ్యాటరీ తీగలు విప్పి, చెక్కపెట్టెలో బిగించి ఓడకు ఇవ్వాల. ఆరు నెలలు తిరిగేవాళ్లకు ఇది తగిన పని. పది రోజులకు వద్దు.

మణిపూర్‌లోని మోరే దాటి మయన్మార్ మీదుగా పోయే దారి 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం అధికారం పట్టినప్పటి నుంచి పోదగ్గది కాదు. మోరే దాకా పోయి చూద్దామన్న ఆలోచన కూడా పెట్టుకోకండి. నేపాల్‌కు మన బండి కార్నే లేకుండా పోతుంది, సరిహద్దులో భన్సార్ (అక్కడి కస్టమ్స్ రుసుం) కట్టి చీటీ తీసుకుంటే చాలు. కానీ మీరడిగింది వెచ్చని దేశం. జనవరిలో నేపాల్ కొండల్లో గడ్డకట్టే చలి, కింద తరాయి మైదానాల్లో రోజుల తరబడి పొగమంచు.

పది రోజులకు సరైన దారి ఇది: తిరుపతి నుంచి చెన్నై 135 కి.మీ., అక్కడి నుంచి కొలంబోకు గంటన్నర లోపు విమానం, దిగాక అద్దె బండి. వివరాలు కింది జవాబులో.

ప్రశ్న: విదేశంలో అద్దె బండికి మన లైసెన్సు చాలునా? శ్రీలంక, థాయిలాండ్, వియత్నాం మూడిట్లో ఏది మేలు? (చిత్తూరు)

మన లైసెన్సు ఒక్కటే చాలదు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. రవాణా శాఖ వెబ్‌సైటు సారథి పోర్టల్‌లో దరఖాస్తు, 1,000 రూపాయల ఫీజు, ఆర్‌టీఓ ఆఫీసు, ఏడాది చెల్లుబాటు. మీ లైసెన్సులో గేర్ల మోటార్ సైకిల్ తరగతి ఉండాల. కారుకు మాత్రమే ఉండి, ‘స్కూటరే కదా’ అని నడిపితే అక్కడ మీరు లైసెన్సు లేనివాళ్ల కింద లెక్క. పర్మిట్ చేతికొచ్చాక ‘ఏ’ గడిలో ముద్ర ఉందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి.

మన దేశం ఇచ్చేది 1949 జెనీవా ఒప్పందం కింది పర్మిట్. థాయిలాండ్‌లో అది చెల్లుతుంది. వియత్నాంలో 1968 వియన్నా ఒప్పందం కింది పర్మిటే చెల్లుతుంది కాబట్టి మనది పనికిరాదు. షాపువాడు ‘ఏం కాదు’ అని బండి ఇచ్చేస్తాడు. పోలీసు పట్టుకుంటే జరిమానాతో పోతుందేమో గానీ, ప్రమాదం జరిగితే ప్రయాణ బీమా ‘చెల్లని లైసెన్సు’ అని ఒక్క రూపాయి ఇవ్వదు. పైగా అక్కడ కుడివైపు నడపాల. వియత్నాం పోతే వెనక కూర్చుని పోండి, నడిపే మనుషులు దొరుకుతారు.

మొదటిసారి పోయేవాళ్లకు మేం శ్రీలంకే చెబుతాం. మనలాగే ఎడమవైపు, తిండి మనకు దగ్గర, డిసెంబరు నుంచి మార్చి దాకా నైరుతి తీరం పొడిగా, వెచ్చగా ఉంటుంది. డిసెంబరు, జనవరుల్లో తూర్పు తీరం, ట్రింకోమలి వైపు మన వాన అక్కడా పడుతూ ఉంటుంది, తిరగేసి పోవద్దు. మన పర్మిట్‌ను అక్కడి అధికారులు గుర్తించి ఇచ్చే కాగితం కూడా కావాల, అది లేకుండా బండి కదిలించొద్దు. ఎక్స్‌ప్రెస్‌వేల మీదికి రెండు చక్రాల బండిని రానివ్వరు. మ్యాపులో ‘హైవేలు వద్దు’ అని పెట్టుకుని, కొలంబో నుంచి గాలేకు తీరం వెంట పాత రోడ్డునే పోండి. వెచ్చదనం కోసం పోయినవాళ్లు నువర ఎలియలో రాత్రి ఆగొద్దు. అది 1,868 మీటర్ల ఎత్తు, మన హార్సిలీ హిల్స్ కంటే 600 మీటర్లు పైన.

థాయిలాండ్‌లోనూ ఇదే చిక్కు. చియాంగ్‌మై నుంచి మే హాంగ్ సాన్ చుట్టు, 600 కి.మీ. కొండ మలుపులు, బండి నడిపేవాళ్లకు చాలా ఇష్టమైన దారి. కానీ డిసెంబరు రాత్రుల్లో అక్కడ జాకెట్టు లేకుండా ఉండలేరు. వెచ్చదనమే కావాలంటే ఫుకెట్ వైపు పోండి. కో సముయి వైపు నవంబరు, డిసెంబరుల్లో వాన. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ రాక పత్రం నింపాల.

ఎక్కడైనా సరే పాస్‌పోర్టు తాకట్టు పెట్టొద్దు. నగదు డిపాజిట్టు, పాస్‌పోర్టు జిరాక్సు ఇస్తామనండి, ఒప్పుకోకపోతే పక్క షాపుకు పోండి. బండి తీసుకునేటప్పుడు గీతలు, పగుళ్లు, టైర్లు, మీటరు అన్నీ షాపువాడి ముందే వీడియో తీయండి. బీమా పాలసీలో మోటార్ సైకిల్ సీసీ పరిమితి ఏమైనా ఉందా, హెల్మెట్ షరతు ఎలా ఉందో టికెట్టుకు ముందే చదవండి. పాస్‌పోర్టు లేనివాళ్లు తత్కాల్‌లో 3,500 రూపాయలు కట్టి తిరుపతి సేవా కేంద్రంలో తీసుకోవచ్చు.

ప్రశ్న: నాయనా, మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం. స్టుట్‌గార్ట్ నుంచి క్రిస్మస్ సెలవుల్లో బైకు మీద స్పెయిన్, మొరాకో పోతాడంట. మంచులో బండేందని నాకు దిగులుగా ఉంది. ఏం చెప్పాల వాడికి? (పీలేరు)

అమ్మా, మీ దిగులు సరైనదే, కానీ పోవడానికి దారి ఉంది. మొదట ఒకటి అడగండి: జర్మన్ లైసెన్సు తీసుకున్నాడా? అక్కడ నివాసం పెట్టుకున్నాక మన లైసెన్సు ఆరు నెలలే చెల్లుతుంది.

ప్రమాదమంతా మొదటి 500 కి.మీ.లోనే ఉంది. అక్కడ చలికాలపు టైర్ల నియమం రెండు చక్రాల బండ్లకు లేదు. నియమం లేదంటే జారదని కాదు. గాలి 3 డిగ్రీలకు దిగితే వంతెనల మీద, చెట్ల నీడలో కంటికి కనబడని మంచు పొర ఉండొచ్చు, దాని మీద ఏ టైరూ నిలవదు. రోడ్డు మీద చల్లే ఉప్పు చైనును, బోల్టులను తినేస్తుంది. సాయంత్రం చల్లనీళ్లతోనే కడగాల. వేడినీళ్లయితే ఉప్పు ఇంకా చురుగ్గా పని చేస్తుంది. ఆ రోజుల్లో పగటి వెలుతురు ఉండేదే ఎనిమిదిన్నర గంటల లోపు, రాత్రి నడపొద్దు.

ఆల్ప్స్ కనుమల జోలికి పోకుండా ఫ్రాన్స్‌లోని లియోన్, రోన్ లోయ, పెర్పిన్యాన్ మీదుగా బార్సిలోనాకు సుమారు 1,200 కి.మీ., మూడు రోజులు చేయమనండి. రోన్ లోయలో మిస్ట్రాల్ అనే గాలి వీస్తుంది, ఎంత బలమంటే పెద్ద పెట్టెలు కట్టిన బండిని పక్క వరసలోకి నెట్టేస్తుంది. ఆ రోజుల్లో ఆగిపోవాల. వేడెక్కే గ్రిప్పులు, వేడెక్కే జాకెట్టు ఉంటే తీసుకోమనండి, బండి బ్యాటరీ ఛార్జింగు ఆ భారం మోస్తుందో చూసుకున్నాకే. ఇంజన్ నడుస్తుండగా, అవన్నీ వేసి కొలిస్తే 13.5 వోల్టులకు తగ్గకూడదు.

దక్షిణ స్పెయిన్ చేరితే పగలు 16–17 డిగ్రీలు, ఇంక భయం లేదు. అక్కడి తరీఫా రేవు నుంచి మొరాకోలోని టాంజియర్‌కు ఓడలో గంట. మొరాకోకు మనవాళ్లకు వేరే వీసా కావాల, జర్మనీ నివాస కార్డు దానికి బదులు కాదు. బండి బీమా గ్రీన్ కార్డులో (బీమా ఏయే దేశాల్లో చెల్లుతుందో చూపే కాగితం) మొరాకో గుర్తు కొట్టేసి ఉందేమో చూడాల. కొట్టేసి ఉంటే సరిహద్దులో కొత్త బీమా కొనాల్సిందే.

ఒక మాట గట్టిగా చెప్పండమ్మా: బండిని లారీలో దక్షిణ స్పెయిన్‌లోని మలగాకు పంపి తాను విమానంలో పోవచ్చు. మంచు తప్పుతుంది, సెలవులూ మిగులుతాయి. మా పిల్లలైతే మేం ఇదే చేయమంటాం.

ప్రశ్న: కన్యాకుమారి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బండిని రైల్లో వేయొచ్చా? (చిత్తూరు)

వేయొచ్చు. టికెట్టు చూపించి లగేజీగా బుక్ చేస్తే మీ రైల్లోనే వస్తుంది, పార్సెల్‌గా వేస్తే వేరే రైల్లో, వేరే రోజు రావచ్చు. ఒక రోజు ముందే పార్సెల్ ఆఫీసుకు పోండి. ఆర్సీ, గుర్తింపు కార్డు జిరాక్సులు కావాల. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు, కాబట్టి అక్కడికి చేరేసరికే అడుగంటేలా చూసుకోండి, లేకుంటే దాన్ని పారబోయాల్సి వస్తుంది. గోనెసంచి ప్యాకింగు స్టేషన్ బయటే చేస్తారు. హ్యాండిల్, ట్యాంకు, హెడ్‌లైటు దగ్గర గడ్డి దండిగా పెట్టించండి. అద్దాలు విప్పి సంచిలో వేసుకోండి. చిన్న స్టేషన్లలో రైలు ఆగే రెండు నిమిషాల్లో బండి దించరు. అందుకే చిత్తూరువాళ్లు కాట్పాడికి బుక్ చేసుకోవడం మేలు, అక్కడి నుంచి 35 కి.మీ. చేతికొచ్చాక ప్యాకింగు విప్పించి బ్రేకు లివరు, ఇండికేటర్లు, ట్యాంకు చూసుకుని, ఆ తర్వాతే రిజిస్టరులో సంతకం పెట్టండి.